నాదం పెట్టె లోపలుండాలా, బయటుండాలా?

(ఊదే ఎలక్ట్రానిక్ వాయిద్యాలు వాయించేవాళ్ళ ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

వెనక వరుసకి వినిపిస్తోందా? సరే. ముందు నేను మాట్లాడను, మీరే ఒక పని చేయాలి. అందరూ 'ఆ' అని ఏదో ఒక స్వరం పట్టండి. సన్నగా మొదలుపెట్టండి, మెల్లగా పెంచండి, బాగా గట్టిగా అయ్యాక మళ్ళీ తగ్గించండి. సిగ్గెందుకండీ, పక్కవాళ్ళూ పాడుతున్నారుగా. ఆ... చాలు, చాలు.

ఇప్పుడు చెప్పండి. గొంతు పెంచినప్పుడు శబ్దం పెద్దది కావడం ఒక్కటే జరిగిందా? కాదు కదా. గొంతు రంగు మారింది. సన్నగా ఉన్నప్పుడు మెత్తగా ఉంది. గట్టిగా అయ్యేసరికి దానికో పదును వచ్చింది. 1960లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో ఝాన్ క్లాద్ రిస్సే అనే ఆయన ట్రంపెట్ నాదాన్ని కంప్యూటర్‌తో విప్పి చూశాడు. ఆయనకి కనిపించింది కూడా ఇదే. గట్టిగా ఊదేకొద్దీ అసలు స్వరంతో పాటు మోగే పై కంపనాల (హార్మోనిక్స్) వాటా పెరుగుతూ పోతుంది. అంటే బలం పెరిగితే నాదం స్వభావమే మారుతుంది. ఈ 'ఆ'ని గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర కూడా ఇద్దరు అడిగారు. 'సార్, సౌండ్లు లోపలే ఉన్న వాయిద్యం కొనాలా, ఉత్త కంట్రోలర్ కొని బయట సౌండ్ మాడ్యూల్ తగిలించాలా?' కంట్రోలర్ అంటే మీ ఊపిరినీ వేళ్ళనీ కొలిచి చెప్పేది, దానికి సొంత నాదం ఉండదు. ఆ నాదం పుట్టించే పెట్టె మాడ్యూల్. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పమంటారు. చెప్పగలిగితే ఇంతమందిని కూర్చోబెట్టి ఈ గంట ఎందుకు తినేస్తాను?

అసలు ప్రశ్నే కొంచెం పక్కదారి పట్టిందని నా అభిప్రాయం. పెట్టె ఎక్కడుందన్నది రెండో సంగతి. మీ ఊపిరికీ ఆ పెట్టెకీ మధ్య ఏం ప్రయాణం చేస్తోంది, ఎంత ప్రయాణం చేస్తోంది, అవతల దాన్ని అందుకునేవాడు వింటున్నాడా లేదా, ఇదీ మొదటి సంగతి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1928లో పారిస్‌లో మోరిస్ మార్టెనో తన వాయిద్యాన్ని జనం ముందు వాయించాడు. ఓంద్ మార్టెనో అంటాం. కుడిచేయి స్వరం చూసుకుంటుంది. ఎడమచేతి కింద ఒక మీట ఉంటుంది, దాన్ని ఎంత లోతుగా నొక్కితే శబ్దం అంత పెరుగుతుంది. ఊపిరి చేసే పని అక్కడ వేలు చేస్తుందన్నమాట. తర్వాత ఆయన ఆ వాయిద్యానికి రకరకాల స్పీకర్లు చేశాడు. ఒకదానికి తీగలు బిగించాడు, ఇంకోదానికి గాంగ్ పళ్ళెం పెట్టాడు. అంటే నాదం రంగు మార్చడానికి బయటి పెట్టెలు మార్చడం అప్పుడే ఉంది. ఇదేదో మన కాలపు గొడవ అనుకుంటాం!

1970లకి వద్దాం. లిరికాన్ వచ్చింది. ఊదే కంట్రోలర్లలో మార్కెట్లోకి ముందుగా వచ్చినది అదే. ఊదే గొట్టం వేరు, సింథ్, అంటే నాదం పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె వేరు, మధ్యలో వైరు. ఆ తర్వాత నైల్ స్టైనర్. ట్రంపెట్ వాయించే మనిషి, తనే చేతులతో తయారుచేసుకున్న నమూనాలు అకాయ్ కంపెనీ చేతికి వెళ్ళి, 1987లో ఈవీ 1000 అనే ఊదే కంట్రోలర్ అయ్యాయి. దానికి జోడీగా ఈడబ్ల్యూవీ 2000 అనే మాడ్యూల్. మైకేల్ బ్రెకర్ లాంటి శాక్సఫోన్ దిగ్గజం ఈవీని పట్టుకుని స్టేజీ ఎక్కాక అందరి చూపూ దాని మీద పడింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈవీ 1000లో సౌండు లోపల లేదు, బయట ఉంది. కానీ ఆ రెండింటి మధ్య వైరు మామూలు మిడి కేబుల్, అంటే వాయిద్యాలు ఒకదానితో ఒకటి అంకెల్లో మాట్లాడుకునే వైరు, కాదు. దానికోసమే చేసిన కేబుల్. అందులో ఊపిరి బలం వోల్టేజీగా వెళ్ళేది. వోల్టేజీకి మెట్లుండవు. మీరు ఎంత ఊదితే అంత, ఎంత తగ్గిస్తే అంత. మాడ్యూల్ బయటే ఉన్నా, వాయిద్యానికి అది సొంత గొంతే. ఇప్పుడు చెప్పండి, దాన్ని 'బయటి మాడ్యూల్' అందామా, 'లోపలి సౌండు' అందామా? అందుకే ప్రశ్న పక్కదారి పట్టిందన్నాను.

సరే, మిడి. దీన్ని తిట్టడానికి రాలేదు నేను. ఇది లేకపోతే ఇవాళ మనం ఎవరమూ ఇక్కడ లేం. 1983 జనవరిలో ఒక సంగీత వాణిజ్య ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులు, ఒకటి ప్రాఫెట్ 600, ఇంకోటి రోలాండ్ జూపిటర్ 6, ఒక వైరుతో కలిసి మోగాయి. పోటీ కంపెనీలు కూర్చుని ఒకే భాషకి ఒప్పుకోవడం ఎంత అరుదో చెప్పక్కర్లేదు. కానీ అది కీబోర్డుల కోసం పుట్టిన భాష. కీబోర్డు వాయించేవాడికి ముఖ్యంగా కావలసింది ఏంటి? ఏ మీట, ఎప్పుడు, ఎంత గట్టిగా. అంతే. నొక్కాక వదిలేదాకా చాలామటుకు కథ అయిపోయినట్టే. మనకో? నొక్కాకే కథ మొదలు.

లెక్క చూద్దాం, చిన్న లెక్కే, భయపడకండి. పాత అయిదు పిన్నుల మిడి వైరులో సెకనుకి 31,250 బిట్లు వెళ్తాయి. ఒక సందేశానికి మామూలుగా మూడు బైట్లు, ఒక్కో బైటుకి పది బిట్లు. అంటే ముప్ఫై బిట్లు, దాదాపు ఒక మిల్లీసెకను. మీరు ఊదుతున్నారు, ఊపిరి మారుతోంది, ఒక సందేశం. పెదవి బిగించారు, స్వరాన్ని వంచే 'పిచ్ బెండ్', ఇంకో సందేశం. బొటనవేలు జరిపారు, ఇంకోటి. సందేశాలు వరసలో నిలబడతాయి, టికెట్ల క్యూ లాగా. ఇది పెద్ద ఇబ్బందేమీ కాదు, ముఖ్యంగా యూఎస్‌బీ వైరు మీద ఆ పాత వేగం పరిమితి లేదు.

అసలు ఇబ్బంది మెట్లలో ఉంది. ఊపిరికి మిడి కేటాయించింది కంట్రోల్ నంబర్ 2. దాని విలువ సున్నా నుంచి 127 దాకా. అంటే 128 మెట్లు. బోలెడున్నాయి కదా అనిపిస్తుంది. ఎనిమిది సెకన్లపాటు ఒకే స్వరాన్ని సున్నా నుంచి నిండుగా పెంచండి. సెకనుకి పదహారు మెట్లు పడతాయి. ఒక్కో మెట్టు అరవై మిల్లీసెకన్లకి పైగా నిలబడుతుంది. ఊపిరి కొండవాలులా ఎక్కుతుంటే సౌండు మెట్లమీద దబదబా ఎక్కుతుంది. అందులోనూ మనం మెత్తగా ఊదేటప్పుడు వాడేది కింది ముప్ఫై మెట్లే. ఎక్కడ సున్నితం కావాలో అక్కడే మెట్లు తక్కువ!

ఇంకో రకంగా చూడండి. ఆ ఊపిరిని సింథ్‌లో ఫిల్టర్‌కి, అంటే నాదంలో పదునుని పెంచి తగ్గించే భాగానికి, కట్టారనుకుందాం. ఫిల్టర్ అయిదు స్థాయిల (ఆక్టేవుల) మేర తెరుచుకోవాలి. అయిదు స్థాయిలంటే అరవై అర్ధస్వరాలు. 127తో భాగించండి. ఒక్కో మెట్టు దాదాపు పావు స్వరం. ఫిల్టర్‌కి రెజొనెన్స్ (తెరుచుకునే అంచు దగ్గరి మోత) కొంచెం పెంచితే ఆ మెట్లు చెవికి పట్టుబడతాయి. బట్టల జిప్పు లాగినట్టు చిన్న గరగర. అందుకని సింథ్ తయారుచేసేవాళ్ళు ఏం చేస్తారంటే మెట్ల మధ్య నున్నగా పూడ్చేస్తారు. పూడ్చాలంటే ఆలస్యం చేయాలి. ఆలస్యం చేస్తే నాలుకతో కొట్టిన 'త-క' మొద్దుబారుతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి.

మిడిలో మెట్లు పెంచే దారి లేదా అంటే ఉంది. నంబర్ 2తో పాటు 34ని జోడీగా పంపితే 16,384 మెట్లొస్తాయి. పిచ్ బెండ్‌కి మొదటినుంచీ అన్ని మెట్లున్నాయి. కానీ పంపేవాడు పంపాలి, వినేవాడు వినాలి. మీ మాడ్యూల్ 34ని వింటుందా? మాన్యువల్‌లో చివరి పేజీల్లో ఒక పట్టిక ఉంటుంది, ఎవరూ చదవరు, కొనేముందు అదొక్కటి చదవండి. 2020లో మిడి 2.0 వచ్చింది, దాంట్లో కంట్రోలర్‌కి 32 బిట్లు. మెట్ల సమస్య కాగితం మీద తీరిపోయింది. మన చేతుల్లో ఉన్నవి మాత్రం చాలావరకు పాతవే.

అదే సౌండు లోపల ఉంటే? సెన్సర్‌కీ సౌండు ఇంజన్‌కీ మధ్య మిడి ఉండి తీరాలన్న రూలు లేదు. సెన్సర్ ఎంత సున్నితంగా కొలిస్తే అంతా లోపలికి పంపుకోవచ్చు. దానికి మించి ఇంకో లాభం ఉంది. తయారుచేసినవాడికి ఆ సెన్సర్ తెలుసు, ఆ సౌండూ తెలుసు. ఊపిరి ఎంత ఉంటే స్వరం పుట్టాలి, ఎక్కడ పదును రావాలి, అన్నీ ఎవరో కూర్చుని నెలల తరబడి ఊది ఊది సరిచేసి పెట్టారు. కొలతలు తీసి కుట్టిన చొక్కా లాంటిది. బయటి మాడ్యూల్ అంటే ఆ దర్జీ పని మీ నెత్తిన పడుతుంది.

వేళ్ళతో వాయించేవాటిలో దీనికి మంచి ఉదాహరణ లిపోల్డ్ హేకెన్ చేసిన కంటిన్యువమ్. అది మొదలైనప్పుడు ఉత్త కంట్రోలరే. తర్వాత ఈగన్‌మ్యాట్రిక్స్ అనే సౌండు ఇంజన్ని దాని లోపలే పెట్టారు. అదే ఇంజన్ ఇప్పుడు ఆస్మోజ్ కీబోర్డులో ఉంది. ముట్టుకున్నవాళ్ళు ఆస్మోజ్ గురించి మొదట చెప్పేది సౌండు గురించి కాదు, 'చెప్పినట్టు వింటుంది' అంటారు. మరోవైపు రోజర్ లిన్. డ్రమ్ మెషీన్ల చరిత్రలో పెద్ద పేరు. 2014లో లిన్‌స్ట్రుమెంట్ తెచ్చినప్పుడు అందులో ఒక్క సౌండు కూడా పెట్టలేదు. ఇద్దరూ తెలివైనవాళ్ళే. ఎవరు తప్పు? ఎవరూ కాదు. ఒకరు 'నా వాయిద్యానికి గొంతు నేనే ఇస్తాను' అన్నారు, ఇంకొకరు 'గొంతు మీరు వెతుక్కోండి' అన్నారు. వెతుక్కునే ఓపిక మీకుందా అన్నదే ప్రశ్న.

లోపలి సౌండ్ల గురించి మంచే చెప్పాను కదా, చెడూ చెప్పాలి. అట్టపెట్టె మీద వందల సౌండ్లని రాస్తారు. చేతులెత్తండి, మీలో పదికి మించి వాడేవాళ్ళెవరు? ... చూశారా. వాడే ఆరింటిలో మూడు బాగుంటాయి. వాటిని మార్చుకుందామంటే రెండు బటన్లు, చిన్న తెర. ఇంకోటి, సెన్సర్‌కి వయసు మెల్లగా మీద పడుతుంది, సౌండుకి త్వరగా పడుతుంది. ఇరవై ఏళ్ళ కిందటి కంట్రోలర్ ఇవాళ్టికీ బ్రహ్మాండంగా ఊపిరిని కొలుస్తుంది. ఇరవై ఏళ్ళ కిందటి శాంపిల్ (రికార్డు చేసి దాచిన) వయొలిన్ని ఇవాళ వింటే నవ్వొస్తుంది. రెండూ ఒకే ఒరలో ఉంటే ఒకటి పాతబడగానే రెండోదాన్నీ పక్కనపెట్టే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నా సొంత కథ. నవ్వుకోండి, ఫరవాలేదు. మొదటిసారి బయటి మాడ్యూల్ కొన్నప్పుడు ఇంట్లో హెడ్‌ఫోన్లతో ఒక సౌండు సరిచేసుకున్నాను. స్టేజీ మీద ధైర్యం చేసి పక్క సౌండుకి మారాను. మెల్లని పాట. పొడుగు స్వరం. పెదవితో కొంచెం కంపనం ఇచ్చాను, అలవాటుగా. ఆ స్వరం అంబులెన్స్ కూతలా ఊగిపోయింది! తబలా వాయించే ఆయన నా మొహం వైపు చూశాడు. నేను మాడ్యూల్ వైపు చూశాను. మాడ్యూల్ ఎవరి వైపు చూస్తుంది?

ఏం జరిగిందంటే, పిచ్ బెండ్ సందేశం 'ఇన్ని అర్ధస్వరాలు వంచు' అని చెప్పదు. 'నీ పరిధిలో ఇంత వంతు వంచు' అని చెబుతుంది. పరిధి ఎంతన్నది అవతలివాడి సెట్టింగు. నా కంట్రోలర్ రెండు అర్ధస్వరాల లెక్కలో ఉంది. ఆ సౌండు పన్నెండు లెక్కలో ఉంది. నేను అర అర్ధస్వరం అనుకున్నది మూడు అర్ధస్వరాలు అయింది. తిరగేసి చూస్తే ఇంకో రకం తప్పు కూడా ఉంది. ఎంపీఈ పద్ధతిలో, అంటే ఒక్కో స్వరాన్ని విడిగా వంచే పద్ధతిలో, వాయించేవాటికి మామూలు పరిధి 48. అవతల సింథ్ రెండు మీద ఉండిపోతే, మీరు వేలిని 'స' నుంచి 'ప' దాకా జరిపినా, అంటే ఏడు అర్ధస్వరాలు జరిపినా, వినిపించేది ఒక అర్ధస్వరంలో మూడో వంతు కూడా ఉండదు. గమకం మీ చేతిలో ఉంటుంది, స్పీకర్లో ఉండదు.

ఎంపీఈ గురించి ఒక మాట అనేసి వెళ్తాను, ఇక్కడ ఎక్కువమంది ఊదేవాళ్ళే కాబట్టి. 2018లో అది ప్రమాణంగా ఆమోదం పొందింది. మామూలు మిడిలో పిచ్ బెండ్ ఒక ఛానెల్ మొత్తానికి, అంటే సందేశాలు వెళ్ళే ఒక దారి మొత్తానికి, వర్తిస్తుంది. ఒక వేలు జారితే మిగతా వేళ్ళ కింది స్వరాలూ జారతాయి. అందుకని ఒక్కో స్వరానికి ఒక్కో ఛానెల్ ఇచ్చారు. పదహారింటిలో ఒకటి అందరికీ ఉమ్మడి, మిగతా పదిహేను స్వరాలకి. మనం ఊదేది ఒక స్వరమే కాబట్టి మనకి దాని అవసరం పెద్దగా లేదు. ఎంపీఈ ఉందని రాసి ఉంటే ఊదేవాళ్ళు మురిసిపోనక్కర్లేదు.

రెండో గొడవ. కొత్తగా మాడ్యూల్ తగిలించినవాళ్ళు నాకు ఫోన్ చేసి చెప్పే మాటలు రెండే. ఒకటి, 'ఎంత మెత్తగా ఊదినా ఒకేలా మోగుతోంది'. మీ ఊపిరి నంబర్ 2 మీద వెళ్తోంది, ఆ సౌండు నంబర్ 2ని అసలు వినడంలేదు. రెండోది, 'పెరుగుతోంది, తగ్గుతోంది, కానీ ప్రాణం లేదు'. అది ఎందుకంటే ఎవరో సలహా చెబితే నంబర్ 11కి మార్చి ఉంటారు. 11 చాలా సౌండ్లలో వాల్యూమ్ ఒక్కటే మారుస్తుంది. టీవీ రిమోట్ నొక్కినట్టు. మొదట్లో మనం 'ఆ' అన్నాం, గుర్తుందా? అందులో పెద్దది కావడంతో పాటు రంగు మారింది. రిమోట్‌తో రంగు మారదు.

మందు ఏంటి? ఒకే ఊపిరిని మూడు నాలుగు చోట్లకి కట్టండి. వాల్యూమ్‌కి కొంచెం. ఫిల్టర్‌కి ఎక్కువ. కింది చివర ఊపిరి చప్పుడు కొంచెం కలపండి, పైకి వెళ్ళేకొద్దీ అది మాయం కావాలి. బాగా గట్టిగా ఊదితే శ్రుతి వెంట్రుకవాసి పైకి పోయేలా చేయండి, నిజం వాయిద్యాలు కొన్నిటిలో అలాగే పోయి పెదవితో దించుకుంటాం కదా. అప్పుడు వాయిద్యం మీతో కొంచెం పెనుగులాడుతుంది. పెనుగులాట ఉండాలండీ. ఏ ప్రతిఘటనా లేని వాయిద్యం నన్ను రెండు రోజుల్లో విసిగించింది.

ఇంకో చిక్కు, ఇది మన ఊదేవాళ్ళకే ప్రత్యేకం. మిడిలో స్వరం మొదలు కావాలంటే 'ఎంత గట్టిగా' అన్న అంకె కూడా వెంటనే చెప్పాలి. ఊదడంలో మొదటి క్షణంలో బలం ఎక్కడుంది? అప్పుడే మొదలైంది! కంట్రోలర్ కొన్ని మిల్లీసెకన్లు ఆగి కొలవాలి, లేదా ఏదో ఒక అంకె వేసేయాలి. పియానో కోసం చేసిన శాంపిల్ సౌండు ఆ అంకెని బట్టే ఏ రికార్డింగు మోగించాలో తేల్చేస్తుంది. మీరు తర్వాత ఎంత ఊదినా అది వినదు. అందుకే ఊదడానికి మాడ్యూల్ వెతికేటప్పుడు నా మొదటి పరీక్ష ఇదే. స్వరం పట్టి ఉంచి, ఊపిరి ఒక్కటే మార్చి చూస్తాను. లోపల ఏదైనా కదులుతోందా?

ఆ పరీక్షలో ఇప్పటికీ నెగ్గే పాత పెట్టె ఒకటుంది. యమహా 1994లో వీఎల్ 1 తెచ్చింది, 1996లో దాని చిన్న తమ్ముడు వీఎల్ 70ఎం. వీటిలో శాంపిల్స్ కాదు ఉన్నవి. రీడు ఎలా కంపిస్తుంది, గొట్టంలో గాలి అల ఎలా వెళ్ళి తిరిగొస్తుంది అన్నదాన్ని అప్పటికప్పుడు లెక్కగడుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో జూలియస్ స్మిత్ చేసిన వేవ్‌గైడ్ పని దీని వెనక ఉంది. అందులో ఊపిరి వాల్యూమ్ కాదు, నిజంగానే గొట్టంలోకి వెళ్ళే ఒత్తిడి. తక్కువైతే పలకదు. ఎక్కువైతే పై స్థాయికి ఎగురుతుంది, కీచుమంటుంది. తప్పు ఊదితే తప్పే పలుకుతుంది! వీఎల్ 70ఎంకి ప్రత్యేకంగా ఒక సాకెట్ ఉంది, యమహా వాళ్ళ డబ్ల్యూఎక్స్ అనే ఊదే కంట్రోలర్ని నేరుగా గుచ్చితే కరెంటు కూడా అందులోంచే వస్తుంది. ఒకే కంపెనీ, ఒకే కేబుల్. మళ్ళీ చూశారా, బయట ఉన్నా బంధువే. ఇవాళ ఇలాంటి లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్లోనే దొరుకుతున్నాయి.

కంప్యూటర్ అనగానే ఆలస్యం గురించి అడుగుతారు. శబ్దం గాలిలో మీటరు దూరం వెళ్ళడానికి దాదాపు మూడు మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా పోగుచేసి పంపుతుంది, ఆ పోగుని బఫర్ అంటాం. సెకనుకి 48,000 ముక్కల లెక్కన 256 ముక్కల బఫర్ అంటే అయిదు మిల్లీసెకన్ల పైచిలుకు. మీ స్పీకర్ని రెండు మీటర్లు వెనక్కి జరిపినట్టు. దానికి టెన్షన్ పడొద్దు. ఎప్పుడూ ఒకేలా ఉండే ఆలస్యానికి వేళ్ళు అలవాటుపడతాయి, ఒకసారి మూడు, ఒకసారి పదిహేను అయితేనే పడవు. బ్లూటూత్ స్పీకర్ జోలికి మాత్రం వెళ్ళకండి, అది వందకి పైగా లాగేస్తుంది. మీరు ఊదింది మీకే ఎవరో పక్కగదిలో ఊదినట్టు వినిపిస్తుంది.

ఏంటమ్మా? ... ఆవిడ అడుగుతున్నారు, 'అయితే ఇప్పుడు ఏది కొనమంటారు?' అని. రెండో వరుసలోంచి ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు సౌండ్లు లోపల ఉన్నదే తీసుకోండి. మిడి బయటికి పంపే దారి ఉందో లేదో చూసుకోండి, అంతే. ఆన్ చేసి ఊదేయాలి. సాధనకి పది నిమిషాలు దొరికితే అందులో తొమ్మిది వైర్లకి పోతే ఎవరు సాధన చేస్తారు? ఏడాదో రెండేళ్ళో అయ్యాక, 'ఈ స్వరం నేను అనుకున్న చోట మెత్తబడటంలేదు' అని మీకే చిరాకు పుడుతుంది. ఆ చిరాకు పుట్టాకే బయటి పెట్టె. అప్పుడు కూడా ఒక్కటి. ఒక పెట్టె, అందులో ఒక సౌండు, ఆరు నెలలు. నా దగ్గర ఒకప్పుడు నాలుగు మాడ్యూళ్ళుండేవి, నాలుగింటిలోనూ నేను కొత్తవాడినే. మూడు అమ్మేశాక వాయించడం వచ్చింది.

సరే, మాటలు చాలు. 'ఆ' అన్నాం కదా, అదే స్వరం మూడు సార్లు ఊదుతాను. మొదట లోపలి సౌండుతో. తర్వాత మాడ్యూల్‌తో, కొన్న రోజు ఎలా ఉందో అలా, ఏమీ మార్చకుండా. మూడోసారి అదే మాడ్యూల్, నేను కట్టుకున్న సెట్టింగులతో. ఏది ఏదో ముందే చెప్పేశాను కాబట్టి ఆ వరస తప్పిస్తాను, మీరు కనుక్కోండి. కళ్ళు మూసుకోండి. బాబూ, ఆ నల్ల కేబుల్ ఇటివ్వు... అది కాదు, పొట్టిది.